ఉప్పునీళ్లకు ఏ ఫోన్, రాతిపొడికి ఏ ఫోన్?

"ఇరవై వేలలో మంచి ఫోన్ ఒకటి చెప్పన్నా" అని అడిగేవాళ్లను నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. నీ పని ఎక్కడ? ఫోన్ ఆగిపోతే ఎన్ని రోజులు ఓర్చుకోగలవు? కెమెరా, ర్యామ్, గేమింగ్ అన్నీ ఆ తర్వాతే. నాది రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. నెల్లూరు జిల్లా విడవలూరు నుంచి సింగరాయకొండ మీదుగా కొత్తపట్నం దాకా గుంటల గట్ల మీదే పొద్దు గడుస్తుంది. మా బావమరిది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు. నాకు పనికొచ్చే ఫోన్ అతనికి పనికిరాదు, అతనిది నాకు పనికిరాదు. షోరూమ్‌లో మాత్రం ఇద్దరికీ ఒకే ఫోన్ చూపిస్తారు, ఆ నెల దేనిమీద ఆఫర్ ఉంటే అది.

ఫోన్‌లో మనం కోరేవి మూడు. కిందపడ్డా, తడిసినా తట్టుకోవాలి. పాడైతే తక్కువ ఖర్చులో, తొందరగా బాగవ్వాలి. చేతిలో పలచగా, నునుపుగా, సుఖంగా ఉండాలి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదు. పేచీ అంతా జిగురు దగ్గర వస్తుంది. నీళ్లు లోపలికి పోకుండా ఆపే జిగురే, రిపేరు చేసేవాడి చెయ్యి లోపలికి పోకుండా కూడా ఆపుతుంది.

నీళ్లు ఆపాలంటే ఫోన్‌ను మూసెయ్యక తప్పదని కంపెనీలు చెబుతుంటాయి. అది సగమే నిజం. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 వెనక మూత గోటితో ఊడేది, బ్యాటరీ చేత్తో తీసి మార్చుకోవచ్చు, అయినా దానికి నీళ్లను, దుమ్మును ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగ్ 67 ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ఎస్6లో వెనక అద్దం వచ్చింది, బ్యాటరీ లోపల బిగించారు, మెమరీ కార్డు తీసేశారు, నీటి రేటింగ్ కూడా పోయింది! అంటే అక్కడ మూత మూసింది నీళ్ల కోసం కాదు, పలచదనం కోసం, అందం కోసం. ఇప్పటికీ అదే కంపెనీ ఎక్స్‌కవర్ పేరుతో బ్యాటరీ ఊడదీసుకునే ఐపీ68 ఫోన్లు చేస్తోంది. కాకపోతే అవి లావుగా, ముతకగా ఉంటాయి. ఫ్యాక్టరీలకు, గోడౌన్లకు వెళ్తాయే గానీ పెళ్లిలో సెల్ఫీ తీసుకోవడానికి ఎవరూ కొనరు.

జిగురు సంగతి ఒకసారి రిపేరు షాపులో నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది. ఫోన్‌ను వేడి పలక మీద పెడతారు. ఐదారు నిమిషాల తర్వాత డిస్‌ప్లే మీద రబ్బరు కప్పు అంటించి పైకి లాగుతూ, సందులోకి పలుచటి ప్లాస్టిక్ కార్డు దూరుస్తారు. నల్లటి జిగురు తీగలు తీగలుగా సాగుతుంది. కార్డు కొంచెం లోతుకు పోయిందంటే డిస్‌ప్లే రిబ్బను తెగుతుంది. అప్పుడు బ్యాటరీ మార్చడానికి వచ్చినవాడికి కాంబో (డిస్‌ప్లే, టచ్, గ్లాసు కలిసి వచ్చే సెట్టు) ఖర్చు కూడా తగులుకుంటుంది. పని అయ్యాక పాత జిగురు గీకేసి, ట్యూబులో ఉండే బీ-7000 అనే జిగురు పూసి, రబ్బరు బ్యాండ్లు వేసి పక్కన పెడతారు. "ఇప్పుడు వాటర్‌ప్రూఫ్ ఉంటుందా తమ్ముడూ?" అంటే కావలిలో నాకు తెలిసిన కుర్రాడు దాచకుండా చెబుతాడు: "అతికిస్తా అన్నా, గట్టిగానే ఉంటాది. నీళ్లల్లో మాత్రం పడెయ్యబాక."

అందుకే ఐపీ68 అని డబ్బు పెట్టి కొన్న ఫోన్‌ను ఒక్కసారి బయట విప్పించారంటే, ఆ రేటింగ్ కోసం పెట్టిన డబ్బు పోయినట్టే లెక్కేసుకోండి. అధికారిక సర్వీస్ సెంటర్లో అయితే కొత్త సీల్ వేస్తారు. బయట షాపుల్లో ఆ సీల్ ఉండదు, గాలి ఒత్తిడితో పరీక్షించే యంత్రమూ ఉండదు.

గుంటల మీద పనిచేసేవాళ్లకు

ఐపీ అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. 67 అంటే మీటరు లోతులో అరగంట. 68 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష, లోతు ఎంత, సమయం ఎంత అనేది కంపెనీ చెప్పుకుంటుంది. 69 అంటే బలంగా కొట్టే వేడి నీటి ధార. 54 అంటే చినుకులు, చిమ్మిన నీళ్లు, అంతవరకే. ఈ పరీక్షలన్నీ మంచినీళ్లతో చేస్తారు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చెమట ఈ లెక్కలోకి రావు.

మన గుంటల్లో ఉండేవి ఉప్పునీళ్లు. చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో వంగి చూస్తాం, చొక్కా జేబులోంచి ఫోన్ జారుతుంది. ఐపీ68 ఫోన్ అయితే లోపలికి నీళ్లు పోవు, నిజమే. కానీ చార్జింగ్ రంధ్రం బయటికి తెరిచే ఉంటుంది కదా. అందులో ఉప్పు తడి నిలుస్తుంది. ఇంటికొచ్చి తడి ఆరకుండా చార్జర్ గుచ్చితే, ఆ తడిలోంచి కరెంటు పారి పిన్నులు తినేస్తుంది. నాలుగుసార్లు అట్లా జరిగాక టార్చి వేసి చూడండి, టైప్-సీ నాలుక మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఆ తర్వాత ఫాస్ట్ చార్జింగ్ పోతుంది, ఆ తర్వాత కేబుల్ ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంది.

పోనీ వారంటీ ఉంది కదా అంటే, నీళ్లు తగిలిన నష్టం దాదాపు ఏ కంపెనీ మామూలు వారంటీలోనూ ఉండదు. చాలా ఫోన్ల లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కరు ఒకటి ఉంటుంది. సర్వీస్ సెంటర్లో మొదట చూసేది దాన్నే. ప్రకటనలో స్విమ్మింగ్ పూల్ చూపించి, వారంటీ కాగితంలో నీళ్ల మాట తీసేస్తారు. పైన పటారం, లోన లొటారం.

నా సలహా ఏమిటంటే, గుంటల మీద తిరిగేవాళ్లు ఐపీ68 కోసం ఇరవై ముప్పై వేలు అదనంగా పెట్టొద్దు. ప్లాస్టిక్ వీపు, చదును డిస్‌ప్లే ఉండి, చార్జింగ్ పిన్ విడి బోర్డు మీద ఉన్న పది పదిహేను వేల ఫోన్ తీసుకోండి. మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ కవరు నూటయాభై, రెండొందలకు దొరుకుతుంది, ఫోన్ అందులో పెట్టి వాడండి. కవరు మీంచి టచ్ కాస్త మొండికేస్తుంది, ఫొటోలు మసకగా వస్తాయి. సుఖం అక్కడ వదులుకుంటాం. చార్జింగ్ బోర్డు పోతే ఏ ఊరి షాపులోనైనా అరగంటలో, కొన్ని వందల్లో మారుస్తారు. అదే పిన్ను మెయిన్ బోర్డుకు నేరుగా సోల్డర్ చేసిన మోడల్ అయితే మైక్రోస్కోప్ కింద చేసే పని అవుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొనేముందు మీ ఊరి రిపేరు షాపులో "ఈ మోడల్‌కు సీసీ బోర్డు విడిగా వస్తుందా?" అని అడగండి, సీసీ బోర్డంటే ఈ చార్జింగ్ బోర్డే. రివ్యూ వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఐపీ రేటింగ్ ఉన్న ఫోన్ ఉప్పునీళ్లలో పడితే మంచినీళ్లతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టాలి. రేటింగ్ లేనిది పడితే వెంటనే స్విచ్ ఆఫ్ చేసి, చార్జింగ్ జోలికి పోకుండా, అదే రోజు షాపుకు తీసుకెళ్లి లోపల క్లీన్ చేయించాలి. ఆన్ అవుతుందా లేదా అని మధ్యలో బటన్ నొక్కి చూడటమే చాలా బోర్డుల్ని చంపుతుంది. బియ్యం డబ్బాలో పెట్టడం మన జిల్లాలో అందరికీ తెలిసిన వైద్యం. అది పనిచెయ్యదు, పైపెచ్చు నూక, తవుడు రంధ్రాల్లోకి పోతాయి. ఆపిల్ కంపెనీ 2024లో తన సహాయ పేజీలోనే వద్దని రాసింది. అవి నెల్లూరు మొలగొలుకుల బియ్యమైనా సరే, ఉప్పును మాత్రం పీల్చవు.

రాతిపొడిలో, ఇసుకలో

చీమకుర్తి దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ ఫోన్‌కు శత్రువు పొడి. అక్కడ దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తారు కాబట్టి ముద్దముద్దగా ఉంటుంది, ఆరిందంటే పౌడరులా లేస్తుంది. స్పీకరు జాలీలో, మైకు రంధ్రంలో, చార్జింగ్ పిన్ అడుగున దట్టంగా పేరుకుంటుంది. మూడు నెలలయ్యేసరికి ఎదుటివాళ్లు "ఏంది, బావిలోంచి మాట్లాడతన్నావా" అంటారు. ఇక్కడ ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె 6 ఉన్న ఫోన్‌కు డబ్బు పెట్టొచ్చు, అది దండగ కాదు. 6 అంటే దుమ్ము లోపలికి అసలు పోదు. 5 అంటే కొంచెం పోతుంది, పని ఆగదు అని వాళ్ల లెక్క, రాతి యూనిట్లో అది చాలదు. మా బావమరిది వాడే ఫోన్ ఐపీ68. నీళ్లలో ఒక్కసారి కూడా పడలేదు, 6 కోసమే కొన్నాడు. పిన్ రంధ్రంలో పొడి మాత్రం అతనికీ తప్పదు. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకి తీస్తాడు. సూది వాడకూడదు.

మడత ఫోన్ కొందామనుకునేవాళ్లు ఈ తీరంలో, ఈ క్వారీల్లో ఆ ఆలోచన మానుకోవడం మంచిది. 2019లో మొదటి గెలాక్సీ ఫోల్డ్ విడుదలను వాయిదా వేసింది స్క్రీన్లు పాడవడం వల్లే, మడతబందు సందుల్లోంచి చెత్త లోపలికి పోవడం కూడా ఒక కారణం. 2024 నాటి ఫోల్డ్6కు ఇచ్చిన రేటింగ్ ఐపీ48. ఆ 4 అంటే ఒక మిల్లీమీటరు కంటే పెద్ద వాటిని మాత్రమే ఆపుతుందని. మైపాడు బీచ్ ఇసుక రేణువు అంతకంటే సన్నం. ఆ తర్వాత దుమ్ము రేటింగ్ మెరుగుపడ్డ మోడళ్లు కొన్ని వచ్చాయి గానీ, లోపలి డిస్‌ప్లే పోతే అయ్యే ఖర్చుతో ఇంకో మంచి ఫోనే వస్తుంది.

ఇసుక గురించి ఇంకో మాట. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద ఫోన్ అద్దం సాధారణంగా 6 దగ్గర గీతలు పడటం మొదలవుతుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు తవ్వే సిలికా ఇసుక అదే పదార్థం, అద్దాల తయారీకి పోతుంది. జేబులో తాళంచెవులు ఉన్నా ఫోన్‌కు పెద్దగా ఏమీ కాదు, నాలుగు ఇసుక రేణువులుంటే చాలు గీత పడుతుంది. ఆ గీత చూపుకు చెడ్డ అని మాత్రమే కాదు. ఈ అద్దాలను కరిగిన పొటాషియం ఉప్పులో ముంచి పైపొరను బిగుతుగా చేస్తారు, బలమంతా ఆ పొరలోనే ఉంటుంది. లోతుగా గీత పడిన చోట ఆ పొర తెగుతుంది, తర్వాత చిన్న దెబ్బకే అక్కడి నుంచి పగులు పాకుతుంది. వంద రూపాయల టెంపర్డ్ గ్లాసు ఆ గీతలను తన మీద వేసుకుంటుంది, అందుకే దాన్ని దండగ అనుకోకండి.

కాంబో లెక్క

టౌన్లో ఉండేవాళ్లకు, ఆఫీసుకు బండి మీద పోయివచ్చేవాళ్లకు నీళ్లు, దుమ్ము పెద్ద సమస్య కాదు. వాళ్ల ఫోన్లు పగిలేది ఇంట్లోనే, గ్రానైట్ పరిచిన హాల్లోనే. ఫోన్ ఖరీదు ఎంత అన్నదాని కన్నా దాని కాంబో ఖరీదు ఎంత అన్నది వీళ్లు ముందు తెలుసుకోవాలి.

ఎల్‌సీడీ డిస్‌ప్లే ఉన్న ఫోన్లకు కాంబో బయట షాపుల్లో మోడల్‌ను బట్టి రూ. 1,500 నుంచి 2,500 మధ్య తేలిపోతుంది. అమోలెడ్ ఒరిజినల్ అయితే ఐదారు వేలు, ఒక్కోసారి ఇంకా పైన. చూడ్డానికి అమోలెడ్ బాగుంటుంది, నలుపు నలుపుగా ఉంటుంది, ఎండలో బాగా కనిపిస్తుంది, బ్యాటరీ ఆదా. ఎండలో పనిచేసేవాడిగా ఆ వెలుగు విలువ నాకు తెలుసు. కానీ అమోలెడ్‌లో ఉన్నట్టుండి నిలువునా పచ్చగీత పడే జబ్బు ఒకటుంది, కిందపడకుండానే వస్తుంది, దానికి కాంబో మార్చడం తప్ప మందు లేదు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు ఉచితంగా మార్చాయి కాబట్టి, పచ్చగీత పడితే బయట షాపుకు పోకుండా ముందు సర్వీస్ సెంటర్లో అడగండి.

అమోలెడ్ ఫోన్‌కు షాపువాడు "ఒరిజినల్ ఆరు వేలు, కాపీ రెండున్నర" అంటే ఆ కాపీ చాలాసార్లు ఇన్‌సెల్ ఎల్‌సీడీ. అది లావు, వెనక లైటు ఉంటుంది, రంగులు వెలిసినట్టుంటాయి. అసలు దెబ్బ వేలిముద్ర దగ్గర తగులుతుంది. డిస్‌ప్లే లోపల వేలిముద్ర ఉన్న ఫోన్లో ఇన్‌సెల్ వేస్తే ఆ సెన్సరు పనిచెయ్యదు. ఇక యూపీఐ తెరిచిన ప్రతిసారీ నంబరు కొట్టుకోవాలి. పక్క బటన్ మీద వేలిముద్ర ఉన్న ఫోన్‌కు ఈ తంటా లేదు. డిస్‌ప్లే కింద వేలిముద్ర చూడ్డానికి ఘనంగా ఉంటుంది, బాగుచేసే దగ్గర పక్కబటనే మేలు.

అంచులు వంగిన కర్వ్ డిస్‌ప్లేలను నేను ఎవరికీ చెప్పను. మామూలు టెంపర్డ్ అతకదు. యూవీ గ్లాసు అంటూ నీళ్లలాంటి జిగురు పోసి, నీలం లైటుతో గట్టిపరుస్తారు. ఆ జిగురు పైన ఉన్న స్పీకరు సందులోకి పాకితే ఫోన్లో మాట వినిపించడం తగ్గిపోతుంది, పక్క బటన్లలోకి పోతే అవి బిగుసుకుంటాయి. కాంబో ఖరీదు కూడా చదును వాటికంటే ఎక్కువే.

పైన గ్లాసు మాత్రమే పగిలి టచ్, బొమ్మ బాగుంటే గ్లాసొక్కటే మార్చే పద్ధతి ఉంది. నెల్లూరులో, ఒంగోలులో దానికి కావలసిన మిషన్లు పెట్టుకున్న షాపులున్నాయి. ఖర్చు కాంబోలో సగం కూడా కాదు. పని మధ్యలో డిస్‌ప్లే పోతే ఎవరి బాధ్యత అన్నది ముందే తేల్చుకోవాలి, లేకపోతే తర్వాత గొడవే. ఫోన్ పార్టులు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గరగా ఉండటం మన నెల్లూరు అదృష్టం. బాగా అమ్ముడుపోయే మోడల్ అయితే పార్టు తొందరగా వస్తుంది. ఎవరూ కొనని మోడల్ అయితే కంపెనీ ఎంత పేరున్నదైనా పార్టు కోసం వారాలు పడుతుంది. కొనేముందు షాపులో పౌచ్‌లు వేలాడదీసిన గోడ చూడండి. ఏ మోడల్‌కు పౌచ్‌లు వరసలు వరసలుగా ఉంటే దానికి కాంబో కూడా దొరుకుతుంది. నాకు తెలిసి ఇంతకంటే నికరమైన గుర్తు లేదు.

వీపు అద్దం గురించి క్లుప్తంగా: వైర్‌లెస్ చార్జింగ్ కావాలంటే వీపు లోహం కాకూడదు, ఖరీదైన ఫోన్లలో అద్దం పెట్టడానికి అదొక కారణం. ప్లాస్టిక్ వీపుకూ ఆ పని చేతనవును, అది పగలదు కూడా. ఐఫోన్ 8 నుంచి కొన్నేళ్లపాటు ఆ వీపు అద్దం మార్చడం నరకంలా ఉండేది. 2022లో ఐఫోన్ 14 నుంచి విడిగా ఊడేలా మార్చారు.

బ్యాటరీ, రోహిణి కార్తె

లిథియం బ్యాటరీకి అన్నిటికన్నా వేడి చేటు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాడమని ఆ కంపెనీ చెబుతుంది. మేలో ఒంగోలు నీడలోనే 40 దాటుతుంది. రోహిణి కార్తెలో బండి హ్యాండిల్‌కు ఫోన్ తగిలించి, మ్యాప్ పెట్టి, చార్జింగ్ కూడా గుచ్చితే బ్యాటరీ ఆయుష్షు కళ్లముందే కరుగుతుంది. హ్యాండిల్‌కు తగిలించడంలో ఇంకో చేటు ఉంది. కెమెరాలో బొమ్మ కదలకుండా పట్టుకునే సన్నటి యంత్రం ఇంజిన్ అదురుకు పాడవుతుందని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. ఆ రకం కెమెరా ఉన్న ఏ ఫోన్‌కైనా ఇది వర్తిస్తుంది.

బ్యాటరీ ఎలాగూ రెండు మూడేళ్లలో మార్చాల్సిందే. కాబట్టి దాన్ని తీయడం ఎంత సులువో చూడాలి. కొన్నిట్లో లాగితే వచ్చే పట్టీ ఉంటుంది. కొన్నిట్లో బ్యాటరీని ఫ్రేముకు గట్టిగా అంటిస్తారు, కింద స్పిరిట్ పోసి లేపాలి, వంగితే ప్రమాదం. 2024 నాటి ఐఫోన్ 16లో కొద్దిపాటి విద్యుత్తు పెడితే వదిలేసే జిగురు పెట్టారు. పూనుకుంటే కంపెనీలకు అన్నీ చేతనవునని తెలుస్తుంది. ఉబ్బిన బ్యాటరీతో ఒక్కరోజు కూడా వాడొద్దు. వీపు కాస్త లేచి సందు కనిపిస్తే పౌచ్ ఊడదీసి చూసుకోండి, పౌచ్ దాన్ని కప్పేస్తుంది.

రాత్రంతా వంద శాతం దగ్గర ఉంచే బదులు సెట్టింగుల్లో 80 శాతం హద్దు పెట్టుకునే వీలు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. గుంటల దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వాళ్లకు నేనది చెప్పను. గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటరు ఆగిందని రాత్రి రెండింటికి ఫోన్ రావాలి, ఆ ఫోన్ ఎత్తేంత చార్జింగ్ ఉండాలి. బ్యాటరీ ఆరు నెలలు ముందు పోతే పోయింది.

సర్వీస్ సెంటర్ దూరం

ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, పామూరు వైపు వాళ్లకు ఇదే మొదటి ప్రశ్న. నెల్లూరుకో ఒంగోలుకో రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు, "పార్టు లేదు, నాలుగు రోజులాగి రండి" అంటే మళ్లీ అదే. కొన్ని ఫోన్లు ఇంకో మెలిక పెడతాయి. బయట డిస్‌ప్లేనో బ్యాటరీనో వేస్తే "ఇది గుర్తుతెలియని భాగం" అని తెరమీద చూపిస్తాయి, బ్యాటరీ ఆరోగ్యం చూపించడం మానేస్తాయి. ఐఫోన్లలో ఇది ఏళ్లుగా ఉంది. పార్టు అసలుదా కాదా అన్నది కొనేవాడికి తెలుస్తుందనే మాట నిజమే. మా ఊరి షాపువాడి చేతులు కట్టేస్తుందన్నదీ నిజమే. అందుకే సర్వీస్ సెంటర్ ఉన్న ఊళ్లో కాపురం ఉంటేనే అలాంటి ఫోన్ కొనమంటాను.

ఇంట్లో కూర్చుని ఫోన్ గట్టిదనం తెలుసుకునే దారి ఒకటి ఈమధ్య వచ్చింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ప్రతి కొత్త మోడల్ ఫోన్‌కూ ఫ్రిజ్‌కు అంటించినట్టే ఒక లేబుల్ తప్పనిసరి. పదే పదే కిందపడితే ఎంత తట్టుకుంటుంది, బాగుచేయడం ఎంత సులువు అన్నవాటికి A నుంచి E దాకా గ్రేడు ఉంటుంది. బ్యాటరీ ఎన్ని చార్జింగ్‌ల దాకా 80 శాతం నిలబెట్టుకుంటుందో, ఐపీ రేటింగ్ ఎంతో కూడా అదే లేబుల్ మీద ఉంటాయి. ఆ వివరాలు ఎప్రెల్ (EPREL) అనే వాళ్ల వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. మీరు కొనబోయే మోడల్ అక్కడా అమ్ముతుంటే పేరు కొట్టి చూసుకోండి. ఒకే పేరుతో ఇక్కడ వేరే బ్యాటరీ పెట్టి అమ్మే కంపెనీలున్నాయి కాబట్టి మోడల్ నంబరు కూడా సరిచూసుకోవాలి. అదే రోజు నుంచి అక్కడ స్పేర్ పార్టులు అమ్మకం ఆగాక ఏడేళ్లు, అప్‌డేట్లు కనీసం ఐదేళ్లు ఇవ్వాలన్న నియమం కూడా వచ్చింది. మన దగ్గర 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కంపెనీల సర్వీస్, వారంటీ వివరాలు అందులో ఒకచోట దొరుకుతాయి. సర్వీస్ సెంటర్‌తో పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

అప్‌డేట్ల సంగతి పిల్లలకు ఫోన్ కొనేవాళ్లకు ముఖ్యం. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఆ కంపెనీలు పై రకాలకు ఏడేళ్లు ఇస్తామన్నాయి. చవక ఫోన్లలో రెండు మూడేళ్లకే ఆగిపోయేవి ఉన్నాయి, ఫోన్ బాగానే ఉన్నా తర్వాత బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. అప్పుడు కాంబో ఎంత చవకగా దొరికినా ఉపయోగం లేదు.

సిమ్ము, ఫొటోలు

ఈ-సిమ్ సుఖమే, ట్రే తీయక్కర్లేదు. ఐఫోన్ ఎయిర్‌లో అయితే సిమ్ పెట్టే చోటే లేదు. మన పనులకు మాత్రం ప్లాస్టిక్ సిమ్మే మంచిది. ఫోన్ డెడ్ అయితే సిమ్ తీసి ఇంట్లో పాత ఫోన్లో వేసుకుంటే ఓటీపీలు, కాల్స్ నిమిషంలో మళ్లీ వస్తాయి. ఈ-సిమ్ అయితే కొత్త ఫోన్లోకి మార్చుకునేదాకా టెన్షన్.

మెమరీ కార్డు పెట్టే వీలున్న ఫోన్లు తగ్గిపోతున్నాయి. ఉంటే ఫొటోలు అందులో పెట్టుకోండి. లోపలి మెమరీ బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా తాళం వేసి ఉంటుంది, కాబట్టి చిప్ ఊడదీసి ఇంకో బోర్డులో పెట్టినా ఏమీ రాదు. బోర్డు పోయాక కూతురి పెళ్లి ఫొటోల కోసం ఎవరెవరి కాళ్లో పట్టుకున్న పెద్దమనిషిని చూశాను. అవి దొరకలేదు.

ఇంట్లో ముసలివాళ్లకైతే కీప్యాడ్ ఫోనే. బ్యాటరీ చేత్తో ఊడుతుంది, బీఎల్-5సీ రకం అయితే చిన్న ఊళ్లో కూడా దొరుకుతుంది. 2022 నుంచి 123పే ద్వారా దాంట్లోనూ యూపీఐ ఉంది. నేను కూడా రెండో సిమ్ అలాంటి ఫోన్లోనే వేసి బండి డిక్కీలో ఉంచుతాను.

సెకండ్‌హ్యాండ్ గురించి

ఉన్న డబ్బుకు కొత్త చవక ఫోనా, రెండేళ్లు వాడిన ఖరీదైన ఫోనా అని చాలామంది ఊగుతుంటారు. అప్‌డేట్లు ఇంకా మూడేళ్లు మిగిలి ఉంటే పాతదే తీసుకోండి. ధరలోంచి బ్యాటరీ మార్పిడి ఖర్చు ముందే తగ్గించి బేరమాడండి. ఐపీ68 ఉందని అమ్మేవాడు ఎంత చెప్పినా లేనట్టే లెక్క. ఎండలోకి తీసుకెళ్లి తెల్లటి పేజీ తెరిచి డిస్‌ప్లే అంచులు చూడండి, కాపీ కాంబో అయితే ఒక పక్క నీలంగానో పచ్చగానో తేలుతుంది. చార్జర్ గుచ్చి కేబుల్ అటూ ఇటూ కదపండి. స్పీకరు ఆన్ చేయకుండా ఒక కాల్ చేసి మాట ఎలా వినిపిస్తుందో వినండి. ఆ తర్వాత *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరును, కేవైఎం (KYM) అని ముందు పెట్టి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్ చేసిన ఫోన్ అయితే జవాబులో తెలిసిపోతుంది. బిల్లు మీద ఉన్న నంబరూ, తెరమీద వచ్చిన నంబరూ ఒకటేనా చూసుకోండి. కాకపోతే ఎంత చవకైనా ఆ ఫోన్ అక్కడే వదిలేసి రండి.